పైపును వదిలి దిగిన నేల

కాకినాడ,
24 సెప్టెంబరు 2010

అన్నకు,

నిన్న వదినతో ఫోన్‌లో మాట్లాడాను. అందులో నీకు ఎంత చేరిందో తెలియదు. "మాధవి సముద్రంల ఉంటున్నదట!" అని వదిన నీ చెవి దగ్గర అరవడం మాత్రం నాకు ఇక్కడికి వినిపించింది. అందుకే ఈ ఉత్తరం. ఇరవై ఏళ్ళు బోరు రిగ్గు పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నావు కాబట్టి ఇక నీతో ఇలాగే మాట్లాడతాను. నువ్వూ రాయాలి. ఏడో తరగతి వరకే చదివానని సాకు చెప్పకు, నా చేత అ ఆలు దిద్దించింది నువ్వే.

నేను సముద్రంలో లేను. దానికి పావు కిలోమీటరు ఇవతల, గంగమ్మ కాలనీ అనే చోట అమృతమ్మగారి ఇంట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాను. ఆవిడ భర్త చేపల వేటకు వెళ్ళేవాడట, పోయి ఆరేళ్ళయింది. కొడుకు, కోడలు, మనవరాలు ముందు గదుల్లో ఉంటారు.

పనేమిటని అడిగావట. ఊళ్ళో వంతెనలకీ, బడి అరుగులకీ, పాత గోడలకీ ఇత్తడి బిళ్ళలు బిగించి ఉన్నాయి. ఏటా వాటి ఎత్తు కొలిచి రాస్తాం. సముద్రం ఎంత పైకి వచ్చిందో చూసేవాళ్ళు వేరే ఉన్నారు. నేల ఎంత కిందికి దిగిందో చూడటం మా వంతు.

నిన్న పౌర్ణమి. వాన చుక్క లేదు. సాయంత్రం ఆరింటికి మురుగు కాలువ వెనక్కి పారి వాకిట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. నేను కంగారుగా పుస్తకాలు మంచం మీదికి ఎత్తుతుంటే అమృతమ్మగారు గ్యాస్ పొయ్యిని బల్ల మీద పెట్టి నింపాదిగా పులుసు కలుపుతున్నారు. "పున్నమికీ అమాసకీ వచ్చే చుట్టమేనమ్మా. నేను కాపురానికొచ్చినప్పుడు సముద్రం అల్లంత దూరాన, ఆ తాటితోపు అవతల ఉండేది. ఇప్పుడు పిలవకుండానే వంటింట్లోకి వచ్చేత్తంది" అన్నారు. పులుసు చాలా బాగుంది.

వదినకు చెప్పు, గది గడప ఎత్తుగానే ఉంది.

మాధవి


పాలమాకుల,
10 అక్టోబరు 2010

చెల్లె మాధవికి అన్న కుర్మయ్య దీవెనలు.

నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. మూడోసారి రుక్కమ్మ నా చేత పైకి చదివించుకుంది. వంటింట్లోకి సముద్రం వచ్చిందన్న దగ్గర ఆపేసి, "గసుంటి ఇంట్ల ఆడివిల్లను ఉంచుతరా? నువ్వేం అన్నవయ్యా?" అని నా మీద పడింది.

ఇక్కడ మాకు పని ఎక్కువైంది. విమానాశ్రయం వచ్చిన దగ్గరి నుంచి హోటళ్ళు, గోదాములు, ప్లాట్లు. ప్రతివాడికీ బోరు కావాలి. విమానాలు మన ఇంటి మీదుగా పోతుంటే రేకులు అదురుతాయట. నాకు ఆ బాధ లేదు. గగన్‌పహాడ్‌లో మొన్న తొమ్మిది వందల అడుగులు దింపాం, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మా యజమాని రామచంద్రయ్య సేటు ఇంకో వంద పొమ్మన్నాడు. పోయాం. అయినా దుమ్మే.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నేల కిందికి దిగడమేమిటి? ఎన్ని వందల బోర్లు వేశానో నాకే గుర్తు లేదు. ఒక్క చోట కూడా నేల వెంట్రుకవాసి కదలలేదు. మీ సార్ల మిషన్లు ఒకసారి సరిచూసుకోమను. సముద్రం వస్తుందంటే నమ్ముతాను, నీళ్ళకు కాళ్ళుంటాయి. నేలకు ఎక్కడివి?

రాజేంద్రనగర్‌లో వ్యవసాయ యూనివర్సిటీలో కొలతల పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని విన్నాను. వచ్చెయ్యి. జర ఆలోచించు.

నీ అన్న
కుర్మయ్య


కాకినాడ,
18 జూన్ 2011

అన్నా,

నీ మాట మా సారుకు చెప్పాను. నవ్వి, "మీ అన్నగారిది రాతినేల. ఆయన చెప్పింది ఆయన నేలకు నిజమే" అన్నారు.

ఇక్కడ రాయి లేదు. ఎంత లోతు తవ్వినా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక, బంకమన్ను. గింజకూ గింజకూ మధ్య నీళ్ళుంటాయి. ఆ నీళ్ళు తోడేస్తే గింజలు దగ్గరికి జరుగుతాయి. బియ్యపు బస్తాను ఎత్తి నేలకు రెండు దెబ్బలు కొడితే లోపల బియ్యం దిగుతుంది చూడు, అలా. పూర్వం ఏటా వరదకు కొత్త ఒండ్రు వచ్చి ఆ లోటు పూడ్చేదట. ఇప్పుడు అది ఎగువ ఆనకట్టల దగ్గరే ఆగిపోతోంది.

ఈ ఏడాది కొలతలు పూర్తయ్యాయి. ఊరు మొత్తం మీద తేడా లేనంత తక్కువ. మా గంగమ్మ కాలనీలో మాత్రం రెండేళ్ళలో మూడు సెంటీమీటర్లు దిగింది. రెండు వేళ్ళ మందం. సముద్రం ఒకవైపు కొంచెం లేస్తుంటే, నేల దానికి ఎదురు వెళ్ళి కూర్చుంటోంది. కాలనీ పక్కన చేపలకు ఐస్ తయారు చేసే ప్లాంటు ఉంది. దాని బోర్లు రాత్రీ పగలూ తోడుతూనే ఉంటాయి. ఇళ్ళలో మోటార్లు సరేసరి. సముద్రాన్ని తిడతారు గానీ, నిజానికి ఈ ఊళ్ళను ముంచుతున్నది బోర్లు వేసేవాళ్ళే.

నిన్న ఉప్పాడ రోడ్డు మీదికి వెళ్ళాం. పోయిన ఏడు నిలబడి టీ తాగిన చోట ఇప్పుడు బండరాళ్ళు, అలలు. రోడ్డు మళ్ళీ వేస్తున్నారు.

వదినను అడిగానని చెప్పు.

మాధవి


పాలమాకుల,
4 జూలై 2011

మాధవికి,

ఉత్తరం అందింది. ఊళ్ళు ముంచేవాళ్ళ సంగతి తెలిసింది. నీ చదువు కూడా అలాంటి ఒకడే చెప్పించాడు.

మేం బాగున్నాం.

కుర్మయ్య


కాకినాడ,
9 సెప్టెంబరు 2011

అన్నా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. రాసేటప్పుడు నువ్వు నా కళ్ళ ముందు లేవు. ఐస్ ప్లాంటు ఉంది, దాని మోటార్ల చప్పుడుంది, అంతే. క్షమించమని రాద్దామని మూడు సార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఈలోగా నిన్న వదిన ఫోన్‌లో చెప్పింది. "మీ అన్న రిగ్గు తీస్కొని నీ ఊరికే వస్తున్నడు. ఐసు కంపెనీకి ఎనిమిది బోర్లట. చూపిస్తడట నీకు."

ఏం చూపిస్తావన్నా? నా మీద పంతం ఇక్కడి పిల్లల కాళ్ళ కింది నేల మీద తీర్చుకుంటావా? ప్లాంటును పెంచుతున్నారనీ, లోతు బోర్లు వేస్తారనీ మాకు పది రోజుల కిందటే తెలిసింది. అది ఆపడానికి మా సారు తిరగని ఆఫీసు లేదు. ఆ బోర్లు నువ్వే వేస్తే నేను ఈ కాలనీలో ఎవరికి మొహం చూపించను?

రావద్దు. రిగ్గుతో అయితే రావద్దు.

మాధవి


పాలమాకుల,
12 అక్టోబరు 2011

చెల్లె మాధవికి దీవెనలు.

సెప్టెంబరు తొమ్మిదిన రాసిన నీ ఉత్తరం ఇవాళ చేతికొచ్చింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, రైళ్ళు ఎక్కడివక్కడే. ఈ నెల రోజులూ నువ్వు నా జవాబు కోసం చూసి, లేదనుకుని, ఇంకేమేం అనుకున్నావో.

పంతం లేదు బిడ్డా. సేటు ఇసుక నేలకు పనికొచ్చే కొత్త రిగ్గు కొన్నాడు. కాకినాడలో పని దొరికిందన్నాడు. ఎవరు పోతారు అంటే నేను ముందు చెయ్యి లేపాను. ఏడాదిన్నర అయింది నిన్ను చూసి. పనికి పని, చెల్లెను చూసినట్టూ ఉంటుందనుకున్నాను. నువ్వు రాసిన ప్లాంటు, ఈ ప్లాంటు ఒకటేనని నాకు తెలియదు. రుక్కమ్మతో నేనన్నది, "మాధవికి మన కొత్త రిగ్గు చూపిస్త" అని. ఆమె సగం మింగి సగం చెప్పింది.

జూలైలో నాకు కోపం వచ్చిన మాట నిజం. నీళ్ళు పడ్డ ప్రతి బోరు దగ్గరా ఆడవాళ్ళు నా కాళ్ళ మీద నీళ్ళు పోసి దండం పెట్టారు. ఆ పనిని నువ్వు అలా అంటే గుచ్చుకుంది.

ఇగ ఇప్పుడు సంగతి. పని మానేస్తానని మాట ఇవ్వలేను. నువ్వు చదివినదానివి, నేను చూసిందే నమ్మేవాణ్ణి. దీపావళి దాటాక వస్తాను. నాలుగు రోజుల ముందు నేను ఒక్కణ్ణే. రిగ్గు వెనక వస్తుంది. చూసి చెప్తాను.

అన్న


పాలమాకుల,
20 నవంబరు 2011

చెల్లె మాధవికి,

చెప్పకుండా వెళ్ళిపోయాడని ఏడ్చావట. రుక్కమ్మ చెప్పింది. ఈసారి ఆమె సరిగ్గానే చెప్పిందనుకుంటాను. నువ్వు ఆఫీసుకు పోయాక జరిగింది నీకు తెలియదు కాబట్టి మొదటి నుంచి రాస్తాను.

పౌర్ణమి నాటి సాయంత్రం అమృతమ్మగారి వాకిట్లో పాదాలు మునిగేదాకా నిలబడ్డాను కదా, అప్పటికి నాకింకా నమ్మకం లేదు. సముద్రం పైకి వచ్చిందనే అనుకున్నాను. నువ్వు చూపించిన అంకెలు కూడా నాకు ఎక్కలేదు. తలూపాను, అంతే.

మర్నాడు పొద్దున ప్లాంటుకు పోయాను. కొత్త బోర్లు ఎక్కడ వేయాలో చూసుకోవాలి కదా. వెనక పాత బోరు ఉంది, పదిహేనేళ్ళ కిందటిదట. కాపలా ఆయన పేరు రాములు, పెద్దాయన. పాత బోరును చూస్తే ఎంత లోతుకు ఎలాంటి పైపు వేశారో తెలుస్తుందని దగ్గరికి పోయాను. పోయి అక్కడే వంగి చూశాను.

బోరు వేశాక మేం పైపు మూతిని నేల మీద బెత్తెడు ఉంచి, చుట్టూ సిమెంటుతో గద్దె కడతాం. గద్దె నేలకు అంటుకుని ఉండాలి. అక్కడ గద్దె పైపును పట్టుకుని గాల్లో ఉంది మాధవీ. కింద మూడు వరుసల ఇటుకలు పేర్చి ఆపారు. ఒక పక్క ఇటుకలు జారిపోయాయి. నా చెయ్యి మోచేతి దాకా కిందికి దూరింది.

"ఇదేంది పెద్దయ్యా?" అన్నాను.

ఆయన నా చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. "పైపు పెరుగుతుందండి. కట్టినప్పుడు నేలకే ఉండేది. నాలుగైదేళ్ళకోపాలి ఒక ఇటుక వరస పెడతన్నాం. సముద్రపు నేల కదండీ, బయటికి నెట్టేత్తంది."

మూడు వందల అడుగుల ఇనుప పైపు పైకి లేవదు. దాన్ని దింపడానికే కాదు, పీకడానికి కూడా ఎంత బలం కావాలో నాకు తెలుసు. పైపు అడుగున గట్టి ఇసుకలో నిలబడి ఉంది, ఎక్కడ వేసింది అక్కడే ఉంది. చుట్టూ ఉన్న నేల దాన్ని వదిలేసి కిందికి దిగింది. జానెడు. పదిహేనేళ్ళలో.

అటు తిరిగి చూస్తే కాలనీ. అమృతమ్మగారి పెంకులు కనబడుతున్నాయి. నువ్వు చెప్పిన మాట అప్పుడు అర్థమైంది.

ఇంతలో గుర్తొచ్చింది, రిగ్గు లారీ ఆ మధ్యాహ్నానికి రాజమండ్రి దాటుతుంది. నా ఫోన్ నాకు పనికిరాదు. నీ ఆఫీసు ఎక్కడో వెతికే టైం లేదు. బస్సెక్కి రాజానగరం దగ్గర లారీలు ఆగే ధాబాలో మా డ్రైవర్ లక్ష్మణ్‌ను పట్టుకున్నాను. వాడు అన్నం తింటున్నాడు.

"లక్ష్మణ్, బండి వాపస్ తిప్పు."

"గదేందన్నా? రేపు పొద్దుగాల పని షురూ అన్నడు సేటు."

"గాడ బోరు ఎయ్యను. నేనెయ్యంది పైపు ఎవలు దింపుతరు?"

వాడు సేటుకు ఫోన్ చేశాడు. సేటు ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ లక్ష్మణ్ మొహం చూస్తే తెలిసిపోయింది. చాలాసేపు తిట్టాడు. చివరికి బండి తిరిగింది. మధ్యలో వాడు మనసు మార్చుకుంటాడేమోనని నేనూ క్యాబిన్‌లో ఎక్కి గగన్‌పహాడ్ దాకా కూర్చున్నాను. అందుకే నీకు చెప్పలేకపోయాను.

సేటు నన్ను పనిలోంచి తీసేశాడు. పరేషాన్ కాకు. పూడిపోయిన బోర్లు శుభ్రం చేసే పని చిన్నగా మొదలుపెట్టాను.

నీ అంకెలు నమ్మనందుకు ఏమీ అనుకోకు. నాకు పైపు భాష ఒక్కటే వచ్చు.

కుర్మయ్య


కాకినాడ,
5 డిసెంబరు 2011

అన్నా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. చదివి లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. ఏడాదిన్నరగా ఆ ప్లాంటు గోడ పక్క నుంచి నడుస్తున్నాం. ఆ గద్దె కింద ఎవరమూ చెయ్యి పెట్టి చూడలేదు. మా సారు ఆ సాయంత్రమే పోయి కొలిచారు. ఇరవై రెండు సెంటీమీటర్లు.

నీ పని పోవడానికి నేనే కారణమని తెలుసు.

ప్లాంటు యజమాని ఇంకో రిగ్గు కోసం చూస్తున్నాడు. వచ్చే నెల అధికారులు కాలనీలో సభ పెడుతున్నారు. నువ్వు చూసింది చూసినట్టు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపుతావా? అంకెలు మేం చెప్తాం. పైపు సంగతి బోరు వేసేవాడి నోటి నుంచి రావాలి.

మాధవి


కాకినాడ,
30 జనవరి 2012

అన్నా,

సభ జరిగింది. అంత సాఫీగా జరగలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మా సారు పటాలు చూపించి మాట్లాడుతుంటే సగం మంది లేచిపోయారు. ఇళ్ళ మోటార్లు కూడా తగ్గించాలనగానే గొడవ. "సముద్రాన్ని ఆపలేరు గానీ మా మోటార్లు ఆపుతారా? మరి మంచినీళ్ళు మీ అమ్మాయి మోసుకొత్తాదా?" అని ఒకాయన నా వైపు వేలు చూపించాడు. వాళ్ళడిగింది తప్పు కాదు కదా.

అప్పుడు అమృతమ్మగారు ముందుకొచ్చి, "ఆగండ్రా, ఆ బోరాయన రాసింది కూడా ఇనండి" అన్నారు. నీ కాగితం నేనే చదివాను. "నేను ఇరవై ఏళ్ళుగా నేలకు చిల్లులు పెట్టి బతికినవాణ్ణి, నా పొట్ట కొట్టుకునే మాట ఊరికే చెప్పను" అన్న దగ్గర అందరూ కూర్చున్నారు. గద్దె సంగతి చదవగానే రాములుగారు లేచి, "పైపు పెరుగుతుందనుకున్నానండి. పదిహేనేళ్ళు నేనే ఇటుకలు పెట్టాను" అని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ తరువాత ఎవరూ అరవలేదు. అందరూ లేచి ప్లాంటు వెనక్కి నడిచారు, యజమాని కూడా. ఆయన వంగి గద్దె కింద చెయ్యి పెట్టి చూశాడు.

కొత్త బోర్లు వేయనన్నాడు. కాలువ నీళ్ళు శుద్ధి చేసి పైపులైనులో ఇస్తే పాతవి కూడా మూసేస్తానన్నాడు. కాలనీకీ అదే లైను. ఎప్పుడు వస్తుందో తెలియదు. అధికారులు ఏడాదన్నారు, జనం రెండేళ్ళనుకుంటున్నారు. అప్పటిదాకా ఇళ్ళ మోటార్లు రోజుకు గంట.

ఎవరో నన్ను "బోరాయన చెల్లెలు" అన్నారు. ఆ పేరు నాకు బాగుంది.

మాధవి


పాలమాకుల,
15 ఆగస్టు 2012

చెల్లె మాధవికి,

ఇక్కడి సంగతి ఒకటి రాయాలి. మీ దగ్గర తోడేస్తే నేల దిగుతుంది, ఇక్కడ రాయి కాబట్టి దిగదు. అంతమాత్రాన మనం చేసింది మంచి పనేం కాదని తెలిసింది. ఊరంతా వట్టి చిల్లులే. అందుకని మన బడి వెనక నేనే వేసిన ఎండు బోరు చుట్టూ గుంత తీసి, కంకర, ఇసుక నింపి, బడి కప్పు మీది వాన నీళ్ళన్నీ అందులోకి మళ్ళించాను. మొదటి వానకు బడి సార్లు నవ్వారు. నిన్న రుక్కమ్మ పక్క బోరులోకి తాడు దింపింది. నీళ్ళు పోయిన ఏడు కంటే ఎనిమిది అడుగులు పైనే తగిలాయి.

రామచంద్రయ్య సేటు మోటారు సైకిల్ మీద వచ్చి చూసి పోయాడు. పోయేముందు "చాయ్ తాగుదాం రా" అన్నట్టు చెయ్యి ఊపాడు. పోయి తాగాను.

అన్న


కాకినాడ,
29 డిసెంబరు 2013

అన్నా,

మంచి మాట ముందు రాస్తాను. కొలతలు పూర్తయ్యాయి. గంగమ్మ కాలనీ బడి అరుగు మీది బిళ్ళ పోయిన ఏడాది ఎక్కడుందో ఈ ఏడాదీ అక్కడే ఉంది. నమ్మలేక మూడు సార్లు కొలిచాం. మూడోసారి అమృతమ్మగారి మనవరాలు మా పక్కన నిలబడి, "ఏంటక్కా, దిగిందా?" అని అడిగింది. "దిగలేదు" అన్నాను. ఆ పిల్ల కాలనీ అంతా అరుచుకుంటూ పరుగెత్తింది. కాలువ నీళ్ళ లైను వచ్చి, ప్లాంటు బోర్లు మూసి తొమ్మిది నెలలే అయింది, అప్పుడే ఇంత తేడా వస్తుందని మా సారు కూడా అనుకోలేదు. దిగిన జానెడు తిరిగి రాదని ఆయన అందరికీ చెప్పారు. ఇక దిగకపోతే చాలునన్నారు అమృతమ్మగారు.

సముద్రం మాత్రం ఆగలేదు. నవంబరు తుఫానుకు ముందు వరుస ఇళ్ళు నాలుగు పోయాయి. మనుషులు ముందే బడికి చేరారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వరుసలోని పదకొండు కుటుంబాలు కిలోమీటరు లోపలికి జరుగుతున్నాయి. విడివిడిగా వెళ్ళం, ఒకే వీధిగా వెళ్తామని పట్టుబట్టి స్థలం సాధించుకున్నారు. వెనక వరుసల వాళ్ళు ఇక్కడే ఉండి ఇంటి పునాదులు ఎత్తు చేసుకుంటున్నారు. అమృతమ్మగారి కొత్త గడప మూడు అడుగుల ఎత్తు. మెట్లెక్కలేక నన్ను తిడుతున్నారు.

కొత్త వీధిలో ఇంటి కప్పుల నీళ్ళు భూమిలోకి దింపాలట. ఎలా దింపాలో చూపించడానికి బోరాయనే రావాలని కాలనీ పెద్దలు తీర్మానం రాసి సంతకాలు చేశారు. కాగితం దీనితో పంపుతున్నాను. నలభై రెండు సంతకాలు, పదమూడు వేలిముద్రలు.

ఈసారి రమ్మంటున్నానన్నా. వదినతో రా.

మాధవి


పాలమాకుల,
19 జనవరి 2014

చెల్లె మాధవికి అన్నా వదినల దీవెనలు.

తీర్మానం కాగితం గగన్‌పహాడ్ చాయ్ హోటల్లో అందరికీ చూపించాను. లక్ష్మణ్ పైకి చదివాడు. సేటు అక్కడే ఉన్నాడు. "పోయిరా కుర్మయ్యా, వచ్చినంక మన పాత బోర్లకు గూడ గట్లనే గుంతలు తీద్దాం" అన్నాడట. లక్ష్మణ్ నాకు మళ్ళీ గట్టిగా చెప్పాడు.

గురువారం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాం. వారం ఉంటాం. కంకర అక్కడ దొరుకుతుందో లేదో కనుక్కో, ఇసుకకు కొదవ ఉండదనుకుంటాను. అమృతమ్మగారికి మన మామిడికాయ తొక్కు రెండు సీసాలు తెస్తున్నాం.

రుక్కమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. చీరలు సర్దుతూ సర్దుతూ అడిగింది, "మనం పొయ్యేదాంక సముద్రం గాడనే ఉంటదా, ఊర్లకు వస్తదా?"

సముద్రం ఉంటుందని చెప్పాను. ఊరు కూడా ఉంటుందని చెప్పాను.

కుర్మయ్య